గోడ కింది నాలుగంగుళాలు

గృహప్రవేశానికి వెళ్లినవాళ్లు ముందు తల పైకెత్తుతారు. హాల్లో సీలింగు ఎట్లుంది, ఫ్యాను చుట్టూ లైట్లెన్ని పెట్టారు, టీవీ గోడకు ఏ రంగు వేశారు అని చూస్తారు. తర్వాత వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టి ‘గ్రానైటా?’ అని అడుగుతారు. పూజగది తలుపుకున్న గంటలు ఒకసారి మోగిస్తారు. వ్రతం ముగిసి, విస్తరి ముందు కూర్చుని, పప్పు వడ్డించేవాడు మన వరసకు వచ్చేలోపు గానీ కళ్లు కిందికి దిగవు. అప్పటికి అందరికీ ఆకలి. గోడా నేలా ఎట్లా కలిశాయో చూసే తీరిక ఎవరికుంటుంది?

నాకుంటుంది. చెప్పులు విడిచిన దగ్గర్నుంచీ నా చూపు అక్కడే. ఆ నాలుగంగుళాల పట్టీని మనం స్కర్టింగ్ అంటాం. పెయింటు బాగుంటే గోడ వంకర కొంత మరుగున పడుతుంది, పాలిష్ బాగుంటే బండ మచ్చ కొంత మరుగున పడుతుంది. స్కర్టింగ్ దగ్గర మాత్రం బేల్దారి చెయ్యి ఎట్లాంటిదో, ఇల్లు కట్టించినాయన ఎంత ముందుచూపుతో పని చేయించాడో దాచడానికి వీల్లేదు. పెళ్లి సంబంధానికి వచ్చినట్టు కూర్చుని స్కర్టింగ్ చూస్తాడేమిటని మా ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఈ పూట మనం దాని గురించే కబుర్లు చెప్పుకుందాం.

మాట ఇప్పుడు రావడానికి కారణం ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ ఇళ్ల పని జోరుగా సాగుతోంది. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కంపెనీ 2019లో కార్లు బయటికి పంపడం మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్‌లో మనది శ్రీ సత్యసాయి జిల్లా అయింది. హిందూపురానికి బెంగళూరు రైల్లో పోయొచ్చేంత దగ్గర. ఇన్ని కలిశాక కొత్త ఇళ్లు లేవకుండా ఉంటాయా? బెంగళూరు ఫ్లాట్ల ఫొటోలు మన ఫోన్లలోకి వస్తాయి, ఆ ఫోన్లు పట్టుకుని మనం బేల్దారి దగ్గరికి పోతాం. ‘మేస్త్రీ, ఇదిగో చూడు, గోడ ఎట్లా గాల్లో తేలినట్టుందో. మాకూ ఇట్లాంటిదే కావాల’ అంటాం.

ఆయన ఫోను దగ్గరగా పట్టుకుని, వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూస్తాడు. ‘సేస్తాం సార్. గారకు ముందు చెప్పింటే సులబంగా అయిపోతుండె. ఇప్పుడంటే మల్లా గోడ కొట్టాల్సిందే’ అంటాడు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు. మిగిలినదంతా దాని వివరం అనుకోండి.

అసలు స్కర్టింగ్ ఎందుకు? మన ఇళ్లలో రోజూ చీపురు, తడిగుడ్డ తిరుగుతాయి. పండగొస్తే బకెట్లతో నీళ్లు పోసి కడుగుతాం. మంచం కోడు తగులుతుంది, పిల్లవాడి మూడు చక్రాల సైకిలు తగులుతుంది, అల్మారా జరిపినప్పుడు దాని కాలు తగులుతుంది. వట్టి సున్నమో పెయింటో ఉన్న గోడ అడుగు ఈ దెబ్బలకు ఏడాది నిలవదు. ఇంకో సంగతి. నేల మీద పరిచిన టైలు ఎక్కడా గోడను ఆనుకుని అచ్చంగా తెగదు, అంచున సందు మిగులుతుంది. ఆ సందు కనబడకుండా పైన ఓ పట్టీ నిలబెడతారు. అంటే స్కర్టింగ్ గోడను కాపాడుతుంది, నేల పని చేసినవాడి తప్పునూ కాపాడుతుంది.

మన పక్క పాత మట్టి మిద్దెలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రాయీ మన్నూ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడుమన్ను. లోపల గోడలకు సున్నం కొట్టి, అడుగున జానెడు ఎత్తు ఎర్రమన్ను పట్టె తీసేవాళ్లు. పైన సున్నంతో సన్నటి గీత. నేలను పేడతో అలికేటప్పుడు గోడ మీద పడే చిందులు ఆ ఎరుపులో కలిసిపోయేవి. పండక్కి పండక్కి మళ్లీ పూసుకుంటే కొత్తదైపోయేది. స్కర్టింగ్ చెయ్యాల్సిన పనులన్నీ అది చేసింది, గోడ నుంచి నూలుపోగంత కూడా ముందుకు రాలేదు. ఇప్పుడు పత్రికల్లో గొప్పగా వేస్తున్న ‘గోడతో సమానంగా ఉండే స్కర్టింగ్’ మన అవ్వలు చీపురుపుల్లకు గుడ్డ చుట్టి గీసిందే.

మరి మధ్యలో అది ముందుకెందుకు వచ్చింది? గచ్చు పోయి బండలు వచ్చాయి. తాడిపత్రి బండలు, కడప నల్లబండలు, ఆ తర్వాత గుజరాత్ మోర్బీ నుంచి లారీల్లో దిగే విట్రిఫైడ్ టైల్స్. పని వరస కూడా మారింది. ముందు గోడలకు గార పూర్తి చేసి, తర్వాత నేల పరిచి, చివర్లో మిగిలిన టైలు ముక్కలు కోసి గార పైనే మాలుతో అతికించడం అలవాటైంది. టైలు తొమ్మిది మిల్లీమీటర్లు, దాని వెనక మాలు పది పన్నెండు. మొత్తం ముక్కాలు అంగుళం గోడ నుంచి బయటికొస్తుంది.

ముక్కాలు అంగుళానికి ఇంత రాద్ధాంతమా అనకండి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు, మనది గాలి దేశం. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆషాఢంలో వీచే గాలి మన్నంతా కిటికీ సందుల్లోంచి వచ్చి నేరుగా స్కర్టింగ్ నెత్తిన కూర్చుంటుంది. చీపురు ఊడ్చేది నేలను, మాపు తుడిచేది నేలను. ఆ సన్నటి అంచు మీది దుమ్ము తియ్యాలంటే ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని ఇల్లంతా గొంతుక్కూర్చుని పాకాలి. అదెవరో నేను చెప్పక్కర్లేదు. ఇంకా బీరువా గోడకు ఆనదు, మంచం తలవైపు ఆనదు, వెనక పడిన పెన్ను మూడు తరాల తర్వాత గానీ దొరకదు.

అందుకే దాన్ని లోపలికి నెట్టే ఆలోచన. ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేసుకుంటే తర్వాత గొడవ. మొదటిది గోడతో సమానంగా ఉండేది, ఫ్లష్ స్కర్టింగ్. గార ఎంత మందమో టైలు కూడా అంతే మందంలో కూర్చుంటుంది. చెయ్యి పెట్టి కిందికి రాస్తే మధ్యలో సన్నటి గాడి ఒకటి తగులుతుంది తప్ప గట్టు తగలదు. రెండోది గోడ కన్నా లోపలికి తగ్గి ఉండేది. గోడ కింద నీడ పడుతుంది, గోడ నేలకు ఆనకుండా నిలిచినట్టు అనిపిస్తుంది. ఫొటోల్లో మనల్ని పడగొట్టేది ఈ రెండోదే.

ఆ నీడ మాయ మనవాళ్లకు తెలియనిదేం కాదు. హిందూపురం నుంచి లేపాక్షి ఎంత దూరం? పదిహేను కిలోమీటర్లు. 16వ శతాబ్దంలో, అచ్యుత దేవరాయల కాలంలో, విరుపణ్ణ వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రస్వామి గుడి. అందరూ వేలాడే స్తంభం దగ్గర గుంపు కడతారు. దాని అడుగున సన్నటి ఖాళీ. టవలో కొంగో ఒక పక్క దూర్చి ఇంకో పక్క లాగి మురిసిపోతారు. అంత గుడిలో, అన్ని స్తంభాల్లో, జనాన్ని పట్టి నిలబెట్టేది రాయికీ నేలకీ మధ్య ఉన్న ఆ కాస్త చీకటి. ఈసారి వెళ్లినప్పుడు స్తంభం చూశాక గోడల అడుగు కూడా చూడండి. దక్షిణాది గుళ్లకు పునాది పైన అధిష్ఠానం అని ఉంటుంది. ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అని అందులో వరసలు. వీటిలో కంఠం కావాలని లోపలికి తగ్గించిన వరస. దాంట్లో నీడ నిలుస్తుంది, ఆ నీడ గీత మీద అంత బరువు గోడా తేలిగ్గా కూర్చున్నట్టుంటుంది. శిల్పులు ఉలితో చేసిన పనిని ఇప్పుడు అల్యూమినియం పట్టీతో చేస్తున్నారు.

గోడకూ నేలకూ మధ్య ఇట్లా ఎడం ఉంచడం మన దగ్గరే కాదు. ఇటలీలో వెరోనా అనే ఊళ్లో కాస్తెల్‌వెక్కియో అని పాత కోట ఉంది. 1950ల చివర, 1960ల మొదట్లో దాన్ని మ్యూజియంగా మార్చే పని కార్లో స్కార్పా అనే వాస్తుశిల్పి చేశాడు. వందల ఏళ్ల నాటి గోడలకు తన కొత్త నేల తగలకుండా అంచున ఖాళీ వదిలేశాడు. పాతది పాతగా, కొత్తది కొత్తగా విడివిడిగా కనబడాలని. ప్రపంచమంతా ఆర్కిటెక్టులు ఇప్పటికీ వెళ్లి ఆ అంచులు వంగి చూసొస్తారు. వంగి చూసేవాణ్ని నేనొక్కణ్నే కాదని మా ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

సరే, గుడి నుంచీ ఇటలీ నుంచీ మన సైటుకు వద్దాం. ధర్మవరం వాళ్లకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు. మామూలు స్కర్టింగ్ చీరకు తర్వాత కుట్టిన లేసు, లోపలి స్కర్టింగ్ చీరతోపాటు నేసిన అంచు. అంచు ఏ రంగో పడుగు వేసే రోజే తేల్చుకోవాలి, చీర సగం నేశాక అడిగితే నేతగాడు నవ్వుతాడు. ఇక్కడ పడుగు వేసే రోజంటే గార మొదలుపెట్టే రోజు.

ఆ రోజుకన్నా ముందు జరగాల్సింది మట్టం గీత. నీళ్ల ట్యూబుతోనో లేజరుతోనో ఇల్లంతా చుట్టూ ఒకే ఎత్తులో గీత కొట్టించండి. పూర్తయిన నేల ఎక్కడికి వస్తుందో ఆ గీత నుంచి కిందికి కొలిచి గోడ మీద గుర్తు పెట్టించండి. నేల కింద మాలు నలభై, యాభై మిల్లీమీటర్లు, పైన టైలు పది, ఈ లెక్కంతా అప్పుడే తేలాలి. నేల తర్వాత అర అంగుళం లేచిందంటే మీ నాలుగంగుళాల స్కర్టింగ్ మూడున్నర అయిపోతుంది. ఒక గదిలో నాలుగు, పక్క గదిలో మూడున్నర. మామూలు స్కర్టింగ్ అయితే పైకి కాస్త జరిపి అతికించుకోవచ్చు. గోడలో ముందే వదిలిన చోటును జరపలేరు.

గుర్తు పెట్టాక దానికి పైన స్కర్టింగ్ ఎత్తు కొలిచి, గారను అక్కడే ఆపాలి. చేత్తో ఆపితే అంచు ఎలుక కొరికినట్టు వస్తుంది. గాడి వెడల్పున్న పట్టీ ఒకటి, అల్యూమినియందైనా పీవీసీదైనా, గోడకు బిగించి దాని దాకా గార లాగాలి. గాడి ఆరు నుంచి పది మిల్లీమీటర్లు చాలు. ఇంకా వెడల్పయితే బల్లులకు బాట వేసినట్టే. పట్టీ కింద ఇటుక వట్టిగా వదిలేస్తారు. నేల పరిచి అయ్యాక ఆ ఖాళీలో టైల్ అడ్హెసివ్‌తో స్కర్టింగ్ ముక్క కూర్చోబెడతారు.

లెక్క ఇట్లా కుదురుతుంది. లోపలి గోడకు గార సాధారణంగా పన్నెండు మిల్లీమీటర్లు, పైన పుట్టీ ఒకటిన్నర, మొత్తం పదమూడున్నర. టైలు తొమ్మిది, అడ్హెసివ్ నాలుగు, మొత్తం పదమూడు. దాదాపు సరిపోయింది. మాలు పెట్టి అతికిస్తే మాత్రం కుదరదు, మాలుకే పన్నెండు పోతుంది. గ్రానైటు కావాలంటే అదే పదహారు, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, అడ్హెసివ్‌తో ఇరవై దాటుతుంది. గార మందం పెంచాలి, లేదా ఇటుక చెక్కాలి. గదుల మధ్య నాలుగంగుళాల అడ్డగోడను రెండు పక్కలా ఒకే ఎత్తులో చెక్కనివ్వకండి, గోడ పాదమే బక్కచిక్కిపోతుంది. పిల్లర్ వచ్చినచోట అస్సలు చెక్కకూడదు. కాంక్రీటు లోపలి ఇనుముకు పైనున్న ఆ పూతే కవచం. దాన్ని అందం కోసం పగలగొడితే చెమ్మ ఇనుమును పట్టుకుంటుంది.

టైలు ఎంత కొనాలంటారా? పది పన్నెండు అడుగుల గది చుట్టుకొలత నలభై నాలుగడుగులు. మూడడుగుల వాకిలి తీసేస్తే నలభై ఒకటి. రెండు నాలుగు అడుగుల టైలును నిలువునా కోస్తే ఆరు పట్టీలు, ఒక్కోటి నాలుగడుగులు, మొత్తం ఇరవై నాలుగు అడుగులు. రెండు టైల్స్ గదికి సరిపోతాయి, మూలల తరుగు పోను ఇంకాస్త మిగులుతుంది. కోత మిషన్ బ్లేడు కొంత తినేస్తుంది కాబట్టి పట్టీ నాలుగంగుళాలకు ఓ వెంట్రుకవాసి తక్కువ వస్తుంది, అన్నీ ఒకే కొలతకు కోయించండి. ఆ ఆరింట్లో రెంటికే ఫ్యాక్టరీ అంచు ఉంటుంది, మిగతావాటికి కోసిన గరుకు అంచు. బయటికొచ్చే స్కర్టింగ్‌లో ఆ గరుకంతా నెత్తి మీద కనబడుతుంది. గాడి ఉన్నదాంట్లో అది నీడలోకి పోతుంది. ఈ లాభం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బేల్దారి వైపు నుంచి మాట్లాడదాం, న్యాయం కదా. గోడ నిట్టనిలువుగా లేకపోతే మామూలు స్కర్టింగ్ వెనక మాలు ఎక్కువ తక్కువ చేసి సరిపెట్టేస్తాడు. లోపలిదాంట్లో ఆ వీలు లేదు. గాడి గీత తిన్నగా పోతుంటే, గోడ వంకర పక్కనే నిలబడి పేరు పేరునా పరిచయం చేసుకుంటుంది. కాబట్టి గారకు ముందు తూకంగుండు వేలాడదీసి, అక్కడక్కడా మాలు ముద్దలు గుర్తుగా పెట్టి, గజంబద్దతో లాగించే ఓపిక ఉండాలి. మూలల్లో మూలమట్టం పెట్టి చూడాలి. దీనికి కూలి ఎక్కువడుగుతాడు, అడగనివ్వండి. రన్నింగ్ అడుగు లెక్కన ముందే మాట్లాడుకుని, మొదట ఒక చిన్న గదిలో చేయించి చూసి, తర్వాత హాలుకు రండి. కరెంటు పైపులు నేల నుంచి గోడలోకి ఎక్కేది సరిగ్గా ఈ నాలుగంగుళాల్లోంచే. గార ముందే అన్ని గోడల ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు ఎప్పుడు మేకు కొట్టాలన్నా అవే దిక్కు.

సరుకు సంగతి. కలప స్కర్టింగ్ సినిమాల్లో బాగుంటుంది. మన నేలలో చెదలు దానికోసమే కాచుకుని ఉంటాయి. ఎండీఎఫ్ పలక అయితే చెదల దాకా అక్కర్లేదు, సంక్రాంతికి ఇల్లు కడిగితే చాలు, ఉబ్బిపోతుంది. తాడిపత్రి బండ, కడప బండ చవక, చల్లన, గట్టివి. కానీ అవి సున్నపురాయి జాతి, బాత్రూం కడిగే యాసిడ్ వాటి దగ్గరికి తేకూడదు, నున్నదనం పోతుంది. అల్యూమినియం సన్నగా, శుభ్రంగా ఉంటుంది. పని పూర్తయ్యేదాకా దాని పైనున్న ప్లాస్టిక్ పొర తీయనివ్వకండి, తడి సిమెంటు పడితే మచ్చ పోదు. ఎక్కువమందికి నేల మీదున్న విట్రిఫైడ్ టైలే మంచిది. జిప్సం గార చేయించుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. జిప్సం నీళ్లు పీలుస్తుంది, అది నేల దాకా రాకూడదు. స్కర్టింగ్ కోసం అడుగు వదలడం అక్కడ అందానికే కాదు, అవసరానికి కూడా.

గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తున్న ఇళ్లున్నాయి మనకు. ధర్మవరంలో గుంట మగ్గాలున్న పాత ఇళ్లల్లో వానలు పడితే మగ్గం గుంటలోకి నీళ్లూరడం నేతగాళ్లకు ఎప్పటి బాధో. ఆ ఇళ్ల గోడలు కింద నుంచి చెమ్మ తాగుతుంటాయి. అట్లాంటి గోడకు ఏ స్కర్టింగ్ పెట్టినా, లోపలిదైనా బయటిదైనా, జబ్బుకు దుప్పటి కప్పినట్టే. చెమ్మ పైకి లేచి స్కర్టింగ్ పైన పెయింటును పొట్టు రేపుతుంది. ముందు చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి. కొత్తగా కట్టేవాళ్లు పునాది పైన చెమ్మ నిలిపే కాంక్రీటు పొర వేయించారో లేదో ఆ రోజే నిలబడి చూసుకోవాలి. స్కర్టింగ్ మోజు ఆ తర్వాతే.

పూర్తిగా లోపలికి తగ్గే రెండో రకం గురించి ఓ మాట బాకీ ఉంది. అందులో గోడ గార కింద అంచు గాల్లో వేలాడుతుంది. మాపు కట్టె ఆ అంచుకే తగులుతుంది. లోహపు పట్టీ లేకుండా చేస్తే ఏడాది తిరక్కుండా పెచ్చులూడుతుంది. ఆ సందులో లైటు పెడతామంటారు కొందరు. మెరిసే టైలు మీద ఆ లైటు చుక్కలు చుక్కలుగా తిరిగి మన కళ్లల్లోకే కొడుతుంది, పైగా పేరుకున్న దుమ్మును వెలిగించి మరీ చూపిస్తుంది. హోటలు రిసెప్షన్‌కు సరే. పిల్లలూ, పెద్దలూ, తడిగుడ్డా ఉన్న ఇంటికి మొదటి రకమే నయం. ఫ్లష్ స్కర్టింగ్ గాడిలో కూడా దుమ్ము చేరదని ఎవరైనా అంటే నమ్మకండి. చేరుతుంది, తక్కువ చేరుతుంది. నెలకోసారి పాత టూత్ బ్రష్ తిప్పితే పోతుంది.

మెట్ల దగ్గర, బాల్కనీలో, పార్కింగ్‌లో ఈ ముచ్చట అక్కర్లేదు. మెట్టు మెట్టుకూ గాడి తిప్పడం పనికీ కష్టం, కంటికీ గజిబిజి. బాత్రూం గోడలకు ఎట్లాగూ పైదాకా టైల్సే. వంటింట్లో అల్మారాల కింద కాలి వేళ్లు దూరేందుకు వదిలే లోతు చూడండి, అది ఎప్పటినుంచో లోపలి స్కర్టింగే. నిలబడి దోసెలు పోసేవాళ్ల నడుముకు తెలుసు దాని విలువ. ఖర్చు పెట్టాల్సింది హాలు, పడకగదులు. బీరువాలు గోడకు ఆనేదీ, అందరూ కూర్చునేదీ అక్కడే.

‘మా ఇల్లు కట్టి పదేళ్లయింది, ఇప్పుడు మార్చుకోవచ్చా?’ అంటారా? మార్చొచ్చు. పాత స్కర్టింగ్ ఊడగొట్టి, కటింగ్ మిషన్‌తో గారను గీత వెంట కోసి, చెక్కి, మళ్లీ అతికించాలి. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె మీదా, ప్రతి దేవుడి పటం మీదా సిమెంటు పొడి. ఎక్కడ ఏ పైపు తెగుతుందో తెలియని భయం. ఊడగొట్టేటప్పుడు అంచున నేల టైలు పగిలితే ఆ రంగు ఇప్పుడు దొరకదు. ఇంతా చేసి మిగిలేది ముక్కాలు అంగుళం. ఇల్లంతా ఎట్లాగూ గార కొట్టి మళ్లీ చేయించుకుంటున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ జోలికి పోవద్దనే నేను చెబుతాను. పాతది పగిలి ఎట్లాగూ మార్చాల్సి వస్తే, మాలు లేకుండా అడ్హెసివ్‌తో సన్నగా అతికించి, పై అంచును ఏటవాలుగా రాయించండి. దుమ్ము కూర్చునే చోటు సగానికి సగం తగ్గుతుంది. పడకగదిలో, నీళ్లు పోసి కడగని చోట, ఎర్రమన్ను పట్టెనే ఆయిల్ పెయింటుతో గీయించుకోవచ్చు. నేలకూ గోడకూ మధ్య సందు సరిగ్గా గ్రౌటింగ్ అయి ఉంటే చాలు. ఆరంగుళాల ఎత్తు, ముదురు రంగు, పైన తిన్నని గీత. ఖర్చు డబ్బా పెయింటు. మాసిందనుకుంటే మీరే పూసుకోవచ్చు.

కొత్తగా కట్టుకుంటున్నవాళ్లకు మాత్రం నా తీర్పు సూటిగా చెబుతాను. గోడలు లేచి, గార ఇంకా పడకపోతే ఫ్లష్ స్కర్టింగ్ చేయించుకోండి, టైలుతో, అడ్హెసివ్‌తో, సన్న గాడితో. గార పడిపోయి ఉంటే ఆశ వదిలేసి మామూలుదే శుభ్రంగా చేయించుకోండి. అందుకని, గార పనికి కలిపిన మొదటి మాలు తట్ట గోడ దగ్గరికి చేరకముందే మీ బేల్దారిని పిలిచి, టీ ఇప్పించి, నేల మట్టం ఎక్కడో గోడ మీద గీయించుకోండి.